సూది బెజ్జం ఎంత దూరం? కంటి చూపుపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే బాధ. వస్తువు కనిపిస్తోంది గానీ అదెంత దూరంలో ఉందో చేతికి సరిగా అందడం లేదు, లేదా దగ్గరి పని చేస్తే కళ్ళు లాగుతున్నాయి. మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి ఈ సంచికలో వీటినే తీసుకున్నాం.

ప్రశ్న: ఒక కన్ను మూసుకుని సూదిలో దారం ఎక్కించబోతే దారం పక్కనుంచి పోతోంది. రెండు కళ్ళూ తెరిస్తే ఒక్కసారికే ఎక్కుతోంది. దూరాన్ని కొలిచేది కంట్లోని కటకమా, రెండు కళ్ళూ కలిసి తిరగడమా? పాఠ్యపుస్తకంలో రెండూ ఉన్నాయి.

జవాబు: రెండూ కొలుస్తాయి. కానీ దేనికది విడిగా చూస్తే రెండూ కురచ కొలబద్దలే. సూది బెజ్జం దగ్గర అసలు పని చేసేది మూడోది. ఆ మూడోది నిలబడాలంటే మాత్రం ఈ రెండూ సరిగ్గా ఉండాలి.

ముందు కటకం సంగతి. కంటి మొత్తం శక్తి సుమారు 60 డయాప్టర్లు (డయాప్టర్ అంటే కాంతిని వంచే శక్తికి కొలత). అందులో దాదాపు మూడింట రెండు వంతులు ముందున్న కార్నియాది, అది మారదు. మారేది కటకం. దాని చుట్టూ సిలియరీ కండరం ఉంగరంలా ఉంటుంది, ఆ ఉంగరానికీ కటకానికీ మధ్య సన్నని తంతువులు లాగి కట్టినట్టు ఉంటాయి. కండరం బిగిస్తే ఉంగరం చిన్నదై తంతువులు వదులవుతాయి, కటకం తన సహజ గుణంతో ఉబ్బుతుంది, దగ్గరి వస్తువు స్పష్టమవుతుంది. ఎంత ఉబ్బాలో లెక్క తేలికే: 1ని దూరంతో, మీటర్లలో, భాగించాలి. ఒక మీటరుకు 1 డయాప్టర్, 50 సెంటీమీటర్లకు 2, 25 సెంటీమీటర్లకు 4. ఈ శ్రమ ఎంతో మెదడుకు తెలుస్తుంది కాబట్టి దాన్నుంచి దూరం ఊహించగలదు. చిక్కల్లా ఏమిటంటే, 3 మీటర్లకు కావలసింది 0.33 డయాప్టర్ మాత్రమే. అంతకంటే దూరంలో ఉన్నవన్నీ ఆ 0.33కీ సున్నాకీ మధ్య ఇరుక్కుంటాయి. అంత చిన్న తేడాను మసకగా కూడా కన్ను గుర్తించదు. ఊసరవెల్లి ఫోకస్‌తోనే దూరం కొలిచి నాలుక విసురుతుంది, మనకు ఆ నైపుణ్యం లేదు.

ఇక కళ్ళు తిరగడం. రెండు కనుపాపల మధ్య దూరం పెద్దవాళ్ళలో సగటున 63 మిల్లీమీటర్లు. 25 సెంటీమీటర్ల దూరంలోని వేలిని చూడాలంటే రెండు చూపు రేఖల మధ్య కోణం 14 డిగ్రీలు దాటుతుంది. వేలిని 50 సెంటీమీటర్లకు జరిపితే 7 డిగ్రీలకు పడిపోతుంది. తేడా ఘనంగానే ఉంది. అదే 5 మీటర్ల నుంచి 10 మీటర్లకు జరిపితే 0.72 డిగ్రీ నుంచి 0.36కి, అంతే. కాబట్టి ఈ కొలబద్ద కూడా చేతికి అందే దూరంలో బాగా, గదిలో ఓ మాదిరిగా పనిచేస్తుంది, వీధిలో చేతులెత్తేస్తుంది.

ఇప్పుడు మూడోది. రెండు కళ్ళూ ఒకే బిందువు మీద నిలిచినప్పుడు, ఆ బిందువుకు ముందూ వెనకా ఉన్న వస్తువులు రెండు రెటీనాల మీద కొద్దిగా వేర్వేరు చోట్ల పడతాయి. ఆ తేడానే మెదడు లోతుగా చదువుతుంది. చార్లెస్ వీట్‌స్టోన్ 1838లో స్టీరియోస్కోప్‌తో దీన్ని నిరూపించాడు. కొద్ది తేడాతో గీసిన రెండు బొమ్మల్ని ఒక్కో కంటికి ఒక్కోటి చూపితే, చదునైన కాగితాల మీదే లోతు లేచి వచ్చింది. 1960లో బేలా యూలెష్ ఇంకో అడుగు వేశాడు. ఏ ఆకారమూ లేని చుక్కల జంట బొమ్మల్లో కూడా, ఈ తేడా ఒక్కటి ఉంటే చాలు, లోతు కనిపిస్తుందని చూపాడు.

దీని సునిశితత్వం ఆశ్చర్యపరుస్తుంది. మామూలు చూపున్నవారు 40 ఆర్క్ సెకన్ల తేడా, అంటే ఒక డిగ్రీలో 90వ వంతు, పట్టేస్తారు. 40 సెంటీమీటర్ల దూరంలో దాని విలువ అర మిల్లీమీటరు. మీ దారం సూది బెజ్జానికి ముందుందో వెనకుందో చెప్పేది ఇదే. 6 మీటర్ల దగ్గర అదే 40 సెకన్లు 11 సెంటీమీటర్లవుతాయి, 100 మీటర్ల దగ్గర దాదాపు 30 మీటర్లు. దూరం వర్గంతో పాటు లోతు తేడా పెరుగుతుంది కాబట్టి ఇలా జరుగుతుంది.

ఆ వర్గం లెక్కలోనే మీ ప్రశ్నకు అసలు జవాబుంది. రెటీనా మీద తేడా ఒక ఆర్క్ నిమిషం, అంటే డిగ్రీలో 60వ వంతు, ఉందనుకోండి. వస్తువు 40 సెంటీమీటర్ల దూరంలో ఉంటే దాని అర్థం ముప్పావు మిల్లీమీటరు. 4 మీటర్ల దూరంలో ఉంటే 7 సెంటీమీటర్ల పైన. ఒకే తేడా, వందరెట్ల వేర్వేరు లోతులు! వీటిలో ఏదో తేల్చాలంటే తానిప్పుడు ఎంత దూరాన్ని చూస్తోందో మెదడుకు తెలియాలి. దగ్గరి పనుల్లో ఆ కబురు చెప్పేది ప్రధానంగా కళ్ళు తిరిగిన కోణం, దానికి తోడుగా కటకం శ్రమ. పైగా కళ్ళు కొద్ది ఆర్క్ నిమిషాలకు మించి గురి తప్పితే ఆ సూక్ష్మమైన తేడా చదవడమే కుదరదు. ఫోకస్ తప్పినా అంతే. రెండు కళ్ళూ సమానంగా మసకబారితే జరిగే నష్టం కన్నా, ఒక్క కన్నే మసకబారితే లోతుకు జరిగే నష్టం ఎక్కువ.

మీరే చూసుకోవచ్చు. చూపుడువేలును ముఖానికి 30 సెంటీమీటర్ల దూరంలో నిలబెట్టి, దాని వెనక గోడమీది గడియారం మీద చూపు నిలపండి. వేళ్ళు రెండు కనిపిస్తాయి. కుడి కన్ను మూస్తే ఎడమవైపు వేలు మాయమవుతుంది. ఇప్పుడు వేలి మీద చూపు నిలపండి. ఈసారి గడియారాలు రెండవుతాయి, కుడి కన్ను మూస్తే కుడివైపుదే పోతుంది. దగ్గరి వస్తువు రెండయ్యే తీరు వేరు, దూరపు వస్తువు రెండయ్యే తీరు వేరు. ‘ముందా, వెనకా’ అన్న నిర్ణయానికి మెదడు వాడుకునే ఆధారం ఇదే. ఇలా రెండుగా కనిపించడం జబ్బు కాదు.

ప్రశ్న: ప్రమాదంలో నాకు ఒక కంటి చూపు పోయి రెండు నెలలైంది. గ్లాసులో నీళ్ళు పోస్తే బయట పడుతున్నాయి, మెట్లు దిగాలంటే భయం. లోతు ఇక తెలియనట్టేనా?

జవాబు: తెలుస్తుంది, దారి మారుతుందంతే. రెండు కళ్ళ తేడా నుంచి వచ్చే లోతు పోయింది, అది తిరిగి రాదు. కానీ ఒకదాన్ని మరొకటి కప్పడం, తెలిసిన వస్తువు చిన్నగా కనిపించడం, నీడలు, దూరం పోయేకొద్దీ నేలమీది గళ్ళు దగ్గరపడటం, వీటన్నిటికీ ఒక కన్ను చాలు. అన్నిటికంటే బలమైనది తల కదలిక. తలను 10 సెంటీమీటర్లు పక్కకు కదిపితే దగ్గరి వస్తువు ఎక్కువగా, దూరపుది తక్కువగా జరుగుతుంది. రెండు కళ్ళూ ఒకేసారి చెప్పేదాన్ని ఒకే కన్ను రెండు చోట్ల నుంచి వరసగా చెబుతుందన్నమాట. వస్తువును అందుకునే ముందు తల కొద్దిగా ఊపడం అలవాటు చేసుకోండి, కొన్ని నెలల్లో అప్రయత్నంగా వచ్చేస్తుంది.

నీళ్ళు పోసేటప్పుడు కూజా మూతిని గ్లాసు అంచుకు తాకించి పోయండి. మెట్లు దిగేటప్పుడు మడమతో మెట్టు అంచును తడిమి ఆ తరువాతే బరువు వేయండి. మెట్ల అంచులకు ముదురు రంగు పట్టీ అంటిస్తే ఎంతో తేడా ఉంటుంది. చూపు పోయిన పక్క సుమారు 30 డిగ్రీల మేర దృశ్యం పూర్తిగా లేనట్టే, కాబట్టి రోడ్డు దాటేటప్పుడు తలను భుజం దాకా తిప్పాలి. వాహనం నడపడం మీ డాక్టరు సరేనన్నాకే.

ఇంకొక మాట, దీన్ని దయచేసి వాయిదా వేయకండి. సైట్ లేకపోయినా మెలకువగా ఉన్నంతసేపూ పాలీకార్బొనేట్ అద్దాలు పెట్టుకోండి. ఉన్న ఒక్క కన్నుకు దెబ్బ తగలకూడదు.

ప్రశ్న: మా అమ్మాయికి రెండున్నరేళ్ళు. దగ్గరి బొమ్మలు చూసేటప్పుడు ఒక కన్ను ముక్కువైపు పోతుంటే చూపించాం. +4 అద్దాలు రాశారు. పెట్టుకుంటే కన్ను నిటారుగా ఉంటోంది, తీస్తే మళ్ళీ లోపలికి పోతోంది. అద్దాలే అలవాటై కన్నును పాడుచేస్తున్నాయేమో అని ఇంట్లో పెద్దవాళ్ళు అంటున్నారు. మెల్లకన్నుకు సైట్ అద్దాలేమిటి?

జవాబు: అద్దాలు పెడితే కన్ను సరిగ్గా నిలుస్తోందంటే ఆ చీటీ సరైనదని అర్థం. తీసేయకండి.

ఫోకస్, కళ్ళు తిరగడం రెండూ ఒకదానికొకటి కట్టేసి ఉంటాయి. కటకం బిగిస్తే కళ్ళు వాటంతటవే లోపలికి తిరుగుతాయి, కంటిపాప కూడా చిన్నదవుతుంది. దగ్గరి చూపుకు ఈ మూడూ ఒక జట్టు. ఒక డయాప్టర్ బిగింపుకు సుమారు 3 నుంచి 5 ప్రిజం డయాప్టర్ల (కళ్ళు తిరిగే కోణానికి కొలత) లోపలి తిరుగుడు వస్తుంది. 4 అనుకుందాం. మీ అమ్మాయికి +4 దూరదృష్టి ఉంది, అంటే ఆకాశాన్ని చూసినా సరే, స్పష్టత కోసం 4 డయాప్టర్లు బిగించాలి. దానితో 16 ప్రిజం డయాప్టర్లు, అంటే 9 డిగ్రీలు, కళ్ళు లోపలికి లాగబడతాయి. దూరం చూసేటప్పుడు ఆ తిరుగుడు అసలు అవసరమే లేదు. 33 సెంటీమీటర్ల దూరంలో బొమ్మ పట్టుకుంటే 3 కలిసి 7 డయాప్టర్లవుతుంది, లాగుడు 28కి పోతుంది. చిన్నపిల్లల కళ్ళ మధ్య దూరం 5 సెంటీమీటర్లనుకుంటే ఆ బొమ్మకు కావలసింది 15 మాత్రమే. ఎక్కువైన లాగుడును కొంతమంది పిల్లలు బయటివైపు కండరాలతో సరిచేసుకుంటారు. సరిచేసుకోలేనివాళ్ళకు కన్ను లోపలికి పోతుంది. +4 అద్దం ఆ 4 డయాప్టర్ల పని తను చేసేస్తుంది, లాగుడు తగ్గుతుంది. అద్దం తీస్తే పాత లెక్కే మళ్ళీ మొదలు. అద్దాలకు ముందు బిడ్డ బొమ్మ మసకగా చూస్తూ సరిపెట్టుకునేది, స్పష్టత రుచి తెలిశాక బిగించడం మానదు. అందుకే తీసినప్పుడు మెల్ల మునుపటికన్నా ఎక్కువగా కనిపించవచ్చు. పెద్దవాళ్ళ భయానికి కారణం అదే, అది చెడిపోవడం కాదు. మెల్లకూ దూరదృష్టికీ ఉన్న ఈ సంబంధాన్ని డాండర్స్ అనే వైద్యుడు 1864లోనే వివరించాడు.

చేయవలసినవి: నిద్రలేచింది మొదలు పడుకునేదాకా అద్దాలు ఉండాలి. మొదటి కొన్ని వారాలు బిగింపు అలవాటు వదలక బిడ్డ అద్దాలపై నుంచి చూస్తుంది, తీసి పారేస్తుంది. మరీ మొండికేస్తే కండరాన్ని సడలించే చుక్కలు కొద్దికాలం వాడొచ్చా అని డాక్టరును అడగండి. ఫ్రేమ్ ముక్కు మీద నుంచి జారకుండా చెవుల వెనక పట్టీ ఉండాలి. జారిన అద్దం పైనుంచి చూస్తే పెట్టుకున్నా పెట్టుకోనట్టే. దూరం చూసినప్పుడు నిటారుగా, దగ్గరకు మాత్రం ఇంకా లోపలికి పోతుంటే బైఫోకల్ కావాలేమో చూస్తారు. పిల్లల బైఫోకల్ గీత కంటిపాప మధ్యకు రావాలి, పెద్దవాళ్ళకు పెట్టినట్టు కింద పెడితే బిడ్డ దాన్ని వాడనే వాడదు.

ఒక కంటి చూపు వెనకబడి ఉంటే మంచి కన్నుకు పట్టీ వేయమంటారు. ఎన్ని గంటలంటే అన్ని గంటలే. ఒక మోస్తరుగా వెనకబడిన కంటికి రోజుకు 2 గంటల పట్టీ, 6 గంటల పట్టీతో సమానంగా పనిచేసిందని 2003లో అమెరికాలో పిల్లల కంటి వైద్యుల బృందం జరిపిన పరీక్షలో తేలింది. మరి తొందర ఎందుకంటే, రెండు కళ్ళ నుంచీ సంకేతాలు అందుకునే మెదడు కణాలు పసితనంలోనే కుదురుకుంటాయి. శిశువుల్లో లోతు గ్రహింపు 3 నుంచి 5 నెలల మధ్య మొదలవుతుంది. మొదటి మూడు నెలల్లో కళ్ళు అప్పుడప్పుడు పక్కకు పోవడం మామూలే, 4 నెలలు దాటాక కూడా పోతుంటే చూపించాలి. కంటిపాపలో తెల్లని మెరుపు కనిపిస్తే ఆ వారంలోనే.

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. చదవడం మొదలుపెట్టిన ఇరవై నిమిషాలకు అక్షరాలు కదులుతాయి, లైన్లు ఒకదానిమీద ఒకటి పడతాయి, నుదురు నొప్పి. చూపు 6/6, అద్దాలు అక్కర్లేదన్నారు. ఏమై ఉంటుంది?

జవాబు: 6/6 అంటే దూరపు బోర్డు, ఒక్కో కన్ను విడివిడిగా. రెండు కళ్ళూ కలిసి దగ్గరకు ఎలా తిరుగుతున్నాయో అది చెప్పదు. మీరు చెప్పిన లక్షణాలు కళ్ళు దగ్గరకు చాలినంత తిరగలేకపోవడానికి సరిపోతాయి.

ముందుగా ఇంట్లోనే ఒక తేడా పట్టండి. అక్షరాలు రెండైనప్పుడు ఒక కన్ను మూయండి. రెండవడం పోతే సమస్య కళ్ళ గురిలో ఉంది. ఒక కన్ను మూసినా మసక అలాగే ఉంటే సమస్య ఫోకస్‌లో. కొందరిలో ఇవి కలిసిపోతాయి. కళ్ళు తిరగడం చాలకపోతే, పైన చెప్పిన జట్టుకట్టును ఆసరా చేసుకుని, కటకాన్ని ఎక్కువ బిగించి కళ్ళను లాక్కొస్తారు. గురి కుదురుతుంది, అక్షరం మసకవుతుంది. దాన్ని సైట్ అనుకుని మైనస్ అద్దాలు పెట్టేసుకోకండి.

తరువాత ఒక కొలత. స్కేలు ఒక చివర ముక్కు మొదట్లో, రెండు కళ్ళ మధ్య, ఆనించండి. పెన్సిల్ మీద చిన్న అక్షరం రాసి, చెయ్యి చాపినంత దూరం నుంచి నెమ్మదిగా దగ్గరకు తెండి. అక్షరం రెండయిన చోట దూరం రాసుకోండి. సాధారణంగా 6 సెంటీమీటర్లలోపు దాకా ఒకటిగానే ఉండాలి. ఐదుసార్లు చేయండి. మొదటిసారి 6, ఐదోసారి 12 అయితే అలసట బయటపడినట్టే, ఒక్కసారి కొలిచి వదిలేస్తే అది దొరకదు. పక్కన ఇంకొకరు మీ కళ్ళను గమనించాలి. కన్ను బయటికి జారినా మీకు రెండుగా కనిపించకపోతే ఆ కన్నును మెదడు వదిలేస్తోంది, అది డాక్టరుకు తప్పక చెప్పాలి.

చికిత్స ఉంది, బాగానే పనిచేస్తుంది. అమెరికాలో 9 నుంచి 17 ఏళ్ళవారు 221 మందిపై 12 వారాలు జరిపి 2008లో ప్రకటించిన పరీక్షలో, క్లినిక్‌లో వారానికోసారి శిక్షణ, ఇంట్లో సాధన రెండూ చేసినవారిలో 73 శాతం మంది బాగుపడ్డారు లేదా మెరుగయ్యారు. ఇంట్లో పెన్సిల్ సాధన మాత్రమే చేసినవారిలో 43 శాతం, ఉత్తుత్తి శిక్షణ పొందినవారిలో 35 శాతం. కాబట్టి వీలుంటే శిక్షణ ఇచ్చేవారి దగ్గరకే వెళ్ళండి.

వెళ్ళేలోపు దారం సాధన మొదలుపెట్టవచ్చు. 3 మీటర్ల తెల్ల దారానికి మూడు రంగుల పూసలు గుచ్చండి. ఒక చివర కిటికీ గడియకు కట్టి, రెండో చివర ముక్కు కొన దగ్గర బిగువుగా పట్టుకోండి. పూసలను 30 సెంటీమీటర్లు, ఒక మీటరు, రెండున్నర మీటర్ల దగ్గర ఉంచండి. మధ్య పూసను చూస్తే దారాలు రెండై, సరిగ్గా ఆ పూస దగ్గర గుణకారపు గుర్తులా దాటుకోవాలి, మిగతా పూసలు జంటలుగా కనిపించాలి. దాటుకునే చోటు పూసకు వెనక ఉంటే కళ్ళు చాలినంత తిరగలేదు. పూసకు ముందుంటే ఎక్కువ తిరిగాయి. దారం ఒక్కటే కనిపిస్తే ఒక కన్ను పనిలో లేదు. ఒక్కో పూసపై ఐదు సెకన్లు నిలిపి తరువాతి దానికి వెళ్ళండి. దగ్గరి పూసను ప్రతి రెండు మూడు రోజులకు రెండు సెంటీమీటర్లు దగ్గరకు జరపండి. రోజుకు 15 నిమిషాలు, వారానికి ఐదు రోజులు. చాలామంది చేసే తప్పు, పూస రెండయ్యాక కూడా దగ్గరకు తెస్తూ పోవడం. రెండుగా చూస్తూ చేసే సాధన వృథా. రెండయితే కొద్దిగా వెనక్కి జరిపి, ఒకటి చేసుకుని, మళ్ళీ ముందుకు రావాలి.

ప్రశ్న: 52 ఏళ్ళు. కొత్తగా ప్రోగ్రెసివ్ అద్దాలు పెట్టుకున్నప్పటి నుంచి మెట్లు పైకి తేలినట్టు, నేల ఒక పక్కకు వంగినట్టు ఉంది. అద్దాలు తప్పా, నా కళ్ళా?

జవాబు: చత్వారంలో కటకం గట్టిపడి ఉబ్బలేకపోతుంది, కండరం బాగానే ఉంటుంది. సగటు లెక్క ఒకటి వాడుకలో ఉంది. వయసును 0.3తో గుణించి 18.5 లోంచి తీసేస్తే మిగిలే డయాప్టర్లే బిగింపు శక్తి. పదేళ్ళకు 15.5, మీ వయసుకు 3 కూడా లేదు. అందులో సగమే అలసట లేకుండా వాడుకోగలం, 40 సెంటీమీటర్ల దూరంలో చదవడానికేమో 2.5 కావాలి. ఆ లోటును ప్రోగ్రెసివ్ అద్దం కింది భాగం పూడుస్తుంది. కానీ మెట్టు మీ కళ్ళకు మీటరున్నర దూరంలో ఉంటుంది, చదివే భాగం అర మీటరులోపుకు అమర్చింది. కళ్ళు దించి చూస్తే మెట్టు అందులోంచి మసకగా, పెద్దదిగా కనిపిస్తుంది. గడ్డం ఛాతీవైపు వంచి, అద్దం పై భాగంలోంచి మెట్లు చూడండి. సగం ఇబ్బంది అక్కడే తీరుతుంది.

నేల వంగడం వేరు. సిలిండర్ పవర్ (ఒక దిశలో మాత్రమే పనిచేసే పవర్) మారినా, రెండు అద్దాల పవర్‌లో తేడా ఉన్నా, ఒక కంటి బొమ్మ రెండో దానికన్నా కాస్త వెడల్పవుతుంది. మెదడు ఆ తేడాను వాలుగా చదువుతుంది. వారం పది రోజుల్లో చాలామందికి సర్దుకుంటుంది. రెండు వారాలు దాటితే షాపులో మూడు కొలతలు మళ్ళీ చూడమనండి: సిలిండర్ అక్షం, కనుపాపల మధ్య దూరం, ఫ్రేమ్ ఎత్తూ వాలూ. 4 డయాప్టర్ల అద్దాల జతలో మధ్యబిందువుల దూరం 5 మిల్లీమీటర్లు తప్పినా 2 ప్రిజం డయాప్టర్ల అదనపు పని కళ్ళ మీద పడుతుంది. అద్దాల పవర్‌లలో పెద్ద తేడా ఉంటే కిందికి చూసినప్పుడు ఇంకో చిక్కుంది. ఒకటి −3, రెండోది −5 అనుకుంటే, మధ్య నుంచి ఒక సెంటీమీటరు కింద 2 ప్రిజం డయాప్టర్ల నిలువు తేడా వస్తుంది. అడ్డంగా వచ్చే తేడాను కళ్ళు బాగానే సర్దుకుంటాయి గానీ నిలువు తేడాను 2, 3కి మించి కలుపుకోలేవు. మెట్లకూ నడకకూ ప్రత్యేకంగా దూరపు చూపు అద్దాల జత ఒకటి ఉంచుకోవడం మంచిదని మా అభిప్రాయం.

ప్రశ్న: వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకుంటే పావుగంటకే తలనొప్పి, థియేటర్లో త్రీడీ సినిమా రెండు గంటలు చూసినా ఏమీ కాదు. ఎందుకీ తేడా?

జవాబు: హెడ్‌సెట్‌లో కటకాల వల్ల తెర సుమారు ఒకటిన్నర, రెండు మీటర్ల దగ్గర ఉన్నట్టు ఫోకస్ స్థిరపడి ఉంటుంది. బొమ్మ ఎంత దగ్గరకొచ్చినా అది మారదు. రెండు మీటర్లంటే 0.5 డయాప్టర్. ఆటలో ఒక వస్తువు మీ ముఖానికి 30 సెంటీమీటర్ల దూరానికి వచ్చిందనుకోండి. కళ్ళు 12 డిగ్రీలు లోపలికి తిరగాలి, అలవాటు ప్రకారం కటకం 3.3 డయాప్టర్లు బిగించబోతుంది. బిగిస్తే బొమ్మ మసక, బిగించకపోతే కళ్ళు జారి బొమ్మ రెండు. పుట్టినప్పటి నుంచీ కలిసి నడిచిన రెండు పనుల్నీ విడదీయడమే ఆ నొప్పి. థియేటర్లో తెర 15 మీటర్ల దూరంలో ఉండి, బొమ్మ రెండు మీటర్ల దాకా ముందుకొచ్చినా తేడా అర డయాప్టర్ లోపే.

హెడ్‌సెట్‌లో కనుపాపల దూరాన్ని మీ కొలతకు సరిపెట్టండి. అర మీటరు కన్నా దగ్గరి వస్తువుల్ని ఎక్కువసేపు చూసే ఆటలు తగ్గించండి. పావుగంటకోసారి తీసి కిటికీలోంచి దూరం చూడండి. థియేటర్లో మాత్రం తల పక్కకు వాల్చకండి. అడ్డంగా ఉండాల్సిన తేడా నిలువుకు మారుతుంది, నిలువును కళ్ళు ఎంత తక్కువ భరిస్తాయో పైన చెప్పాం. త్రీడీ సినిమాలో ఏ లోతూ కనిపించని వారెవరైనా మీ ఇంట్లో ఉంటే ఒకసారి స్టీరియో పరీక్ష, అంటే రెండు కళ్ళతో లోతు తెలుస్తోందో లేదో చూసే పరీక్ష, చేయించండి.

ప్రశ్న: చిన్నప్పటి నుంచి మెల్ల ఉంది, ఇప్పుడు 31 ఏళ్ళు. ఆపరేషన్ చేయించుకుంటే లోతు తెలుస్తుందా?

జవాబు: కళ్ళు నిటారుగా నిలవడం దాదాపు ఖాయంగా ఆశించవచ్చు, కొందరికి రెండోసారి సరిదిద్దవలసి వస్తుంది. లోతు మాత్రం, మెల్ల ఎప్పుడు మొదలైందనేదాన్ని బట్టి ఉంటుంది. ఐదారేళ్ళ దాకా కళ్ళు కలిసి పనిచేసి ఆ తరువాత తప్పితే, పాత సామర్థ్యం తిరిగి రావడానికి మంచి అవకాశముంది. మొదటి ఏడాదిలోనే వచ్చి అలాగే ఉండిపోతే ముతకగానైనా వస్తే అదృష్టమే. కళ్ళు లోపలివైపుకు ఉంటే మరో లాభం, వాటిని సరిచేస్తే పక్కల చూపు విస్తరిస్తుంది కూడా. అయితే కంటి స్థానం మారాక రెండుగా కనిపించే వీలుంది, కాబట్టి ముందే ప్రిజం పెట్టి చూడమని డాక్టరును అడగండి. ఆ పరీక్ష చేయకుండా ఆపరేషన్‌కు ఒప్పుకోకండి.

ప్రశ్న: నిన్న ఉదయం నుంచి మా నాన్నగారికి అన్నీ రెండుగా కనిపిస్తున్నాయి, ఒక రెప్ప వాలింది. వ్యాయామాలు ఏమైనా ఉన్నాయా?

జవాబు: వ్యాయామాలు కాదు, వెంటనే ఆసుపత్రి. మీకు విడిగా కూడా తెలియజేశాం, ఇతర పాఠకుల కోసం ఇక్కడ రాస్తున్నాం. పెద్దవయసులో హఠాత్తుగా రెండుగా కనిపించడం, రెప్ప వాలడం, ఒక కంటిపాప పెద్దదవడం, తీవ్రమైన తలనొప్పి, మాట తడబడటం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా కంటి నరం మీదో మెదడు మీదో ఒత్తిడి ఉండవచ్చు. ఆ రోజు, ఆ గంటే వెళ్ళాలి.

ప్రశ్న: నేను ఎనిమిదో తరగతి. సైన్స్ ప్రదర్శనకు రెండు కళ్ళ లోతు మీద ఏదైనా ప్రయోగం చెప్పండి.

జవాబు: లోలకం ప్రయోగం చెయ్యి, చూసినవాళ్ళు తేలిగ్గా మరిచిపోరు. మీటరు పొడవు దారానికి ఒక గుండు కట్టి, పైనుంచి వేలాడదీసి, ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు మాత్రమే ఊగేలా వదులు. ముందుకూ వెనక్కీ ఊగకూడదు. చూసేవాళ్ళు రెండు మూడు మీటర్ల దూరంలో నిలబడి, రెండు కళ్ళూ తెరిచే ఉంచి, కుడి కంటి ముందు చలువ అద్దాల ఒక గాజు పట్టుకోవాలి. తిన్నగా ఊగుతున్న గుండు చుట్టూ తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. కుడివైపు వెళ్ళేటప్పుడు దగ్గరగా, తిరిగి వచ్చేటప్పుడు దూరంగా. చీకటి పడిన కంటి నుంచి సంకేతం మెదడుకు కాస్త ఆలస్యంగా చేరుతుంది. గుండు కదులుతోంది కాబట్టి ఆ కంటికి అది పాత చోట ఉన్నట్టు తోస్తుంది, రెండు కళ్ళ మధ్య తేడా పుడుతుంది, మెదడు దాన్ని లోతు అనుకుంటుంది. 1922లో దీన్ని వివరించిన కార్ల్ పుల్ఫ్రిచ్‌కు ఒక కన్ను కనిపించేది కాదు, తన ప్రయోగాన్ని తాను చూడలేకపోయాడు. గుండు వెనక తెల్ల గోడ ఉండాలి, గదిలో వెలుతురు మరీ ఎక్కువ ఉండకూడదు. ఎవరికైనా గుండు తిరగడం కనిపించకపోతే ముందు గాజును ఎడమ కంటికి మార్చి చూడమను. కనిపించేవాళ్ళకు గుండు తిరిగే దిశ తారుమారవుతుంది.